కొసరు అడగనక్కర లేదు

మా బజారులో పళ్ళరసం తాగడానికి ఒక పద్ధతి ఉంది. మీరు బల్ల మీద కూర్చుని బొప్పాయో అనాసో అడుగుతారు. అమ్మే ఆమె రసం తీసి గ్లాసు నిండా పోస్తుంది. తాగుతారు. ఖాళీ గ్లాసు గట్టు మీద పెట్టి, లేవకుండా ఆమె మొహంలోకి చూస్తారు. "నా యాపా ఏదీ, కసేరా?" అంటారు. అప్పుడామె మిక్సీ గిన్నెలో మిగిలింది మీ గ్లాసులోకి వంచుతుంది. యాపా అంటే కొసరు. దానికి డబ్బుండదు. కసేరా అంటే వాడుక మనిషి. అమ్మేదాన్ని కొనేవాళ్ళు అలాగే పిలుస్తారు, కొనేవాళ్ళని అమ్మేదీ అలాగే పిలుస్తుంది. ఈ రెండు మాటల లోతు తెలియనివాళ్ళు మా అరెకీపా ఊళ్ళో రసాల దుకాణం పెట్టకూడదు. డెల్ఫినా పెట్టింది.

నేను ఆ రసాల వరసకి సరిగ్గా ఎదురుగా చీజూ, ఆలివ్ కాయలూ అమ్ముతాను. నా పేరు సెనోబియా. చీజు దానంతటదే అమ్ముడుపోయే సరుకు కాబట్టి నాకు బోలెడంత తీరిక. ఆ తీరికంతా ఎదుటివాళ్ళ బేరాలు చూడ్డానికే ఖర్చు పెడతాను. అందుకని డెల్ఫినా హువమానీ సంగతి నాకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఇక్కడ లేరు. ఆమెనే అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసి బొప్పాయి కోసుకుంటుంది. తన గురించి మాట్లాడటం ఆమెకి చేతకాదు.

ఆ దుకాణం మొదట ఆమె మేనత్త బసిలియాది. బసిలియా అంటే వరసంతటికీ హడల్. రసం బాగా తీసేది, కాదనను. కొసరు దగ్గర మాత్రం మహారాణి. గ్లాసు ఖాళీ అయినా చూడనట్టే గిన్నె పట్టుకుని నిలబడేది. నోరు తెరిచి అడిగితేనే వంచేది. "అడగందే అమ్మైనా పెట్టదు" అనేది. ఒకసారి మా చర్చి ఫాదరుగారు మొహమాటపడి అడక్కుండా లేస్తే, గిన్నెలో మిగిలిన రసం ఆయన చూస్తుండగానే తనే తాగేసింది. అయినా జనం వచ్చేవారు. అడిగాక మాత్రం ఆమె చెయ్యి వెనక్కి పోయేది కాదు.

మోకాళ్ళు మొరాయించాక బసిలియా ఇంట్లో కూలబడింది. పిల్లల్లేరు. దుకాణం మీద ఇద్దరికి ఆశ ఉంది. ఒకడు ఆమె మొగుడి తమ్ముడి కొడుకు విల్బర్ట్, వీధి మలుపులో పళ్ళెంలో ఫోను కవర్లు పెట్టుకుని అమ్ముతాడు. రెండోది కబనకొండె ఊరినుంచి వచ్చిన అన్న కూతురు, ఈ డెల్ఫినా. బసిలియా ఇద్దరిలో ఎవరికీ మాటివ్వలేదు. డెల్ఫినాకి మారు తాళంచెవి ఇచ్చి, చాపీ మాత పండగదాకా నడిపి చూడమంది. దుకాణం నిలబడితే అప్పుడు చూద్దాం, లేకపోతే పళ్ళు తీసేసి విల్బర్ట్ అక్కడ కవర్లు వేలాడదీసుకుంటాడు. అసలు తాళంచెవిని ఎర్రదారానికి కట్టి తన మెడలోనే ఉంచుకుంది.

"దుకాణం కావాలంటే ఆ పిల్ల నోరు తెరిచి అడగాలి సెనోబియా. నేను నా చెవులతో వినాలి" అని నాతో అంది.

నేను ఊరుకుంటానా, ఆ మాట తీసుకెళ్ళి డెల్ఫినా చెవిన వేశాను. ఒకసారి వెళ్ళి అడిగేస్తే పోయేదానికి ఈ అవస్థంతా ఎందుకన్నాను. ఆమె గట్టు తుడుస్తూ తల కూడా ఎత్తలేదు, దోన్యా అన్న మర్యాద పిలుపు మాత్రం మానలేదు.

"అడిగి తీసుకుంటే అది ఎప్పటికీ ఆవిడ దుకాణమే, దోన్యా సెనోబియా. నిలబెట్టి తీసుకుంటాను."

అంత పంతం ఎందుకో తెలియాలంటే ఆమె ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. కబనకొండె దారిలో, లోయ అంచున, కొండగద్దలని చూడ్డానికి బస్సుల్లో జనం దిగే చోటుంది. డెల్ఫినా చిన్నప్పట్నుంచీ అక్కడే గుడ్డ పరిచి ఉన్ని చేతితొడుగులూ టోపీలూ అమ్మింది. పొద్దున్నే గాలికి పెదాలు పగిలి నెత్తురొస్తాయి. అక్కడ బేరమంటే ఒక్క దెబ్బే. దిగినవాడు మళ్ళీ జన్మలో రాడు. ధర చెప్పాలి, సరుకు చేతిలో పెట్టాలి, తర్వాతవాడివైపు తిరగాలి. పేరు అడిగేంత సందుండదు, అడిగినా లాభం లేదు.

అత్త కబురు పెట్టినప్పుడు అన్నదమ్ములు నవ్వారట. చలికాలానికల్లా వెనక్కొచ్చి మళ్ళీ తొడుగులు పరుచుకుంటుందన్నారట. డెల్ఫినా తన సరుకంతా మూటగట్టి వదిన చేతిలో పెట్టి, తిరిగొస్తే పరుచుకోవడానికి గుడ్డముక్క కూడా లేకుండా చేసుకుని బస్సెక్కింది. ఇక్కడ ఓడిపోతే ఆ గాలిలోకి, ఆ నవ్వుల్లోకి వెళ్ళాలి. అంతకంటే వేరే భయం ఆమెకి లేదు.

మొదటిరోజు బోణీ నాకు బాగా గుర్తు. ఒక మూటలు మోసేవాడు వచ్చి కూర్చున్నాడు. డెల్ఫినా ధర చెప్పింది, రసం పోసింది, డబ్బు తీసుకుని ఆ నాణెంతో గుండెల మీద సిలువ గుర్తు వేసుకుని పళ్ళ గుట్టకి తాకించింది. అంతవరకు బాగానే ఉంది. అతను తాగి, గ్లాసు పెట్టి, ఆమెని చూశాడు. ఆమె కూడా అతన్ని చూసింది. ఇంకేమన్నా కావాలా అని అడిగింది. వరసంతా పగలబడి నవ్వింది. కొసరు వంచింది గానీ, ఎందుకు వంచుతోందో ఆమెకి బోధపడలేదని ఆ చెయ్యి చూస్తేనే తెలిసిపోయింది. బాకీ తీరుస్తున్నట్టు వంచింది.

కొన్నాళ్ళు చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, బసిలియా పేరు మీద బేరం సాగింది. తర్వాత ఒక్కొక్కరే పక్కకి జారుకున్నారు. పక్క అంటే నియెవెస్ దుకాణం. నియెవెస్ గొంతెత్తితే రోడ్డు మీద బస్సు ఆగుతుంది. డెల్ఫినా కూడా పోటీగా అరిచి చూసింది. గొంతు బొంగురుపోయి, అల్లం కషాయం తాగుతూ సైగలతో పళ్ళరసం అమ్మాల్సి వచ్చింది. ఎవరికైనా వాళ్ళకి లేనిదాంతో పోటీకి దిగితే అంతే.

తర్వాత ధర తగ్గించింది. వరసంతా మండిపడింది, అది సహజం. కొనేవాళ్ళు కూడా ముఖం చిట్లించడం ఆమె ఊహించలేదు. గ్లాసు ఎత్తి వాసన చూశారు. నిన్నటి బొప్పాయా అని అడిగారు. ఊరికే ధర తగ్గిస్తే జనం సంతోషించరు, ఎక్కడ లోపముందా అని వెతుకుతారు. అదే మనుషులు ఇటు తిరిగి నా దగ్గర చీజు నేను చెప్పిన ధరకే కొన్నారు. నేను తగ్గించను. ఎందుకు తగ్గించనో, ఆ ఆవు ఏ గడ్డి మేసిందో, చీజు ఎన్నాళ్ళు ఆరిందో ముక్క కోసి చేతిలో పెట్టి మరీ చెబుతాను. ఈ మాట డెల్ఫినాకి కూడా చెప్పాను. విని, తల ఊపి, ధర మళ్ళీ పాత చోట పెట్టింది. చెప్పింది వింటుంది, అదొక్కటి మెచ్చుకోవాలి.

ఆ తర్వాతే పొడుగు గ్లాసుల ఆలోచన వచ్చింది. తాగేసినవాళ్ళు కొసరు కోసం కూర్చునే ఉంటారు, బల్ల నిండిపోతుంది, కొత్తగా వచ్చినవాళ్ళు చోటు లేక నియెవెస్ దగ్గరికి పోతారు. ఎలాగూ ఇచ్చేదే కదా, ముందే కలిపి ఇచ్చేస్తే పోలా? సంతకెళ్ళి పొడుగు గ్లాసులు తెచ్చింది. గ్లాసూ కొసరూ కలిపినదానికంటే వేలెడు ఎక్కువే పడుతుంది వాటిలో. అట్టముక్క మీద "పొడుగు గ్లాసు, కొసరుతో సహా" అని రాసి కట్టింది. నాకు చూపించి మురిసిపోయింది. లెక్క ఎటునుంచి చూసినా సరిగ్గానే ఉంది. కానీ నాకెందుకో కంట్లో నలక పడ్డట్టే ఉంది.

మర్నాటినుంచి చూడండి తమాషా. జనం పొడుగు గ్లాసు గుటగుటా తాగారు, గట్టు మీద పెట్టారు, ఆమె మొహంలోకి చూశారు. ఆమె అట్టముక్కకేసి చెయ్యి చూపించింది. వాళ్ళు చదివారు. "ఓహో" అన్నారు. లేచి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. ఎక్కువ రసం తాగి మరీ అలిగి వెళ్ళారు. వారం తిరక్కుండా బజారంతా ఆమెని 'కొసరు లేనిది' అనడం మొదలుపెట్టింది. మా ఊళ్ళో దొంగ అంటే పడతారు గానీ, కొసరు దగ్గర పిసినారి అంటే ఎవరూ పడరు. ఒకరోజు పొద్దున వచ్చి చూస్తే ఆమె గట్టు చెక్కల మీద సుద్దముక్కతో ఇంతింత అక్షరాలు: "ఇక్కడ కొసరు లేదు."

ఎవరు రాశారో నేను అడగలేదు. నియెవెస్ ఏప్రాను జేబు తెల్లగా సుద్దపొడి అయి ఉంది. డెల్ఫినా తడిగుడ్డ తీసుకుంది. వంగింది. తర్వాత ఏమనుకుందో, గుడ్డ తిరిగి బకెట్లో వేసేసింది. ఏమే, తుడవవా అన్నాను.

"తుడిస్తే రేపు మళ్ళీ రాస్తారు. దీనికి జవాబు దొరకనీ, అప్పుడు చూస్తాను."

పళ్ళు గుట్టలుగా పేర్చి, తెల్ల టోపీ సర్దుకుని, ఖాళీ బల్ల ఎదురుగా నిటారుగా నిలబడింది. ఆవేళ నాకు ఆ పిల్ల మీద జాలి కలగలేదు, గౌరవం కలిగింది. నాకు గౌరవం కలగడం అంత సులువు కాదు.

విల్బర్ట్ అప్పటికే కొలతల టేపుతో తిరుగుతున్నాడు. చెడ్డవాడేం కాదు పాపం, మేకు ఎక్కడ కొట్టాలన్నదే వాడి ధ్యాసంతా. ఈ పక్క కవర్లు, ఆ పక్క చార్జర్లు అని కొలుచుకుని, వెళ్ళేముందు ఒక గ్లాసు తాగేవాడు. వాడు కూడా పొడుగు గ్లాసు ఖాళీ చేసి, గట్టు మీద పెట్టి, ఆశగా చూసేవాడు. అప్పుడైనా ఆమెకి తట్టాల్సింది.

ఆ రోజుల్లోనే ఏదో బ్యాంకువాళ్ళు చిన్న వ్యాపారులకి పాఠాలంటూ బజారు మేడ మీద కుర్చీలు వేశారు. రొట్టే కాఫీ ఊరికే పెడతారని అందరం వెళ్ళాం. టై కట్టుకున్న కుర్రాడు చాలా చెప్పాడు. నియెవెస్ గురక పెట్టింది. నేను రొట్టెల పళ్ళెం మీద కన్నేసి ఉన్నాను. అయినా ఒక్క మాట మాత్రం నా చెవిలోనూ పడింది. రోజూ వచ్చేవాళ్ళని అడిగితే అంతా బావుందనే అంటారు, రావడం మానేసినవాళ్ళని వెతుక్కుని అడగండి అన్నాడు. ఆ కుర్రాడు తిన్న ఉప్పుకి న్యాయం చేశాడు. డెల్ఫినా పాఠం మధ్యలోనే లేచి మెట్లు దిగిపోయింది. రొట్టె కూడా తినలేదు. అది నేను తిన్నాను.

మేడ మీదనుంచి వంగి చూశాను. దోన్ ఎవరిస్తో అని, రైళ్ళలో పనిచేసి దిగిపోయిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. బసిలియా బల్ల మీద కూర్చునే జుట్టు నెరిసినవాడు. ఇప్పుడు నియెవెస్ దగ్గర, డెల్ఫినా కంటబడకుండా స్తంభం చాటున కూర్చుంటున్నాడు. డెల్ఫినా తిన్నగా వెళ్ళి, నియెవెస్ చెల్లెలికి డబ్బిచ్చి ఒక బొప్పాయి రసం చెప్పి, ఆయన పక్కనే ఆ బల్ల మీదే కూర్చుంది. నేను గబగబా దిగాను, వినకపోతే ఎలా? నా వెనకే నియెవెస్ కూడా కళ్ళు నులుముకుంటూ దిగింది.

"దోన్ ఎవరిస్తో, నా గ్లాసులో రసం తక్కువా?" అని అడుగుతోంది డెల్ఫినా.

"కాదమ్మా. ఎక్కువే."

"రుచి బాలేదా?"

"బానే ఉంది."

"మరి ఎందుకు మానేశారు? నిజం చెప్పండి. నేనేమీ అనుకోను."

ఆయన టోపీ తీసి దులిపి మళ్ళీ పెట్టుకున్నాడు. మంచి మనిషి, నొప్పించడం ఇష్టం లేదు.

"చూడమ్మాయ్, మొదటి గ్లాసు నేను కొనుక్కునేది. రెండోది నువ్వు పెట్టేది. నువ్వు రెండూ కలిపి నాకు అమ్మేశావు."

ఈలోగా నియెవెస్ గిన్నె పట్టుకుని వచ్చి ఆయన గ్లాసులో కొసరు వంచింది. పక్కనే డెల్ఫినా ఖాళీ గ్లాసు ఉంది. నియెవెస్ ఒక్క క్షణం ఆగింది. శత్రువైనా సరే, బల్ల మీద కూర్చున్నాక కసేరాయే కదా. అందరూ చూస్తుండగా పళ్ళు కొరుక్కుంటూ ఆమెకి కూడా వంచింది. డెల్ఫినా ఆ రెండు గుక్కలూ ఆఖరి చుక్కదాకా తాగింది. అసలు కన్నా కొసరు ముద్దు అంటారే, ఆ సంగతి ఆ గుక్కలోనే తెలిసొచ్చిందని తర్వాత నాతో అంది. డబ్బిచ్చి తాగినదాని రుచి గుర్తు లేదట, ఇష్టం లేకుండా వంచినదాని రుచి మాత్రం నాలుక మీద ఉండిపోయిందట. ఇక ఇష్టంగా వంచితే ఎలా ఉంటుందో అనుకుందట.

ఆ సాయంత్రమే పొడుగు గ్లాసులన్నీ నా చేతిలో పెట్టేసింది. ఇప్పుడు వాటిలో ఆలివ్ కాయలు వేసి అమ్ముతున్నాను. పాత పొట్టి గ్లాసులు మళ్ళీ కడిగి పెట్టుకుంది. కానీ ఇల్లలకగానే పండగవుతుందా? మాట పడ్డాక గ్లాసు మారిస్తే మాట పోదు. రెండుమూడు రోజులు బల్ల ఖాళీగానే ఉంది. ఆమె ఊరికే ఉండకుండా బజారంతటినీ చూడటం మొదలుపెట్టింది. ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు అడుగుతున్నారు, ఎవరు అడగలేక లేచిపోతున్నారు. అడగలేనివాళ్ళు చాలామందే ఉన్నారు. ఆస్పత్రి నర్సులు, కాలేజీ ఆడపిల్లలు, కొత్తగా ఊళ్ళోకొచ్చినవాళ్ళు, మా ఫాదరుగారు. వాళ్ళకి కొసరు ఎవరూ పొయ్యరు, అడిగితేనే పొయ్యడం మా ఆచారం. ఆ అడగలేకపోవడం ఏమిటో డెల్ఫినాకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది?

శనివారం పొద్దున, వరస నిండా జనం ఉండగా, నియెవెస్ గట్టు దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది.

"నీ సుద్దముక్క ఒకసారి ఇస్తావా, కసేరా?"

నియెవెస్‌కి ఆలోచించే సందు దొరకలేదు. అలవాటుకొద్దీ చెయ్యి జేబులోకి పోయింది, సుద్దముక్క బయటికొచ్చింది. వరసంతా గొల్లుమంది. డెల్ఫినా వచ్చి తన గట్టు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "కొసరు"కీ "లేదు"కీ మధ్య చోటు చాలక కాస్త పైకి ఇరికించి ఒక్క మాట రాసింది. లేచి, సుద్దముక్క తిరిగిచ్చేసి, చేతులు కడుక్కుంది. ఇప్పుడు గట్టు మీద ఇలా ఉంది: "ఇక్కడ కొసరు అడగనక్కర లేదు."

నవ్విన మొదటి పదిమందిలో నలుగురు ఆ నవ్వుతోనే బల్ల మీద కూర్చున్నారు. గ్లాసు గట్టుకి తగిలేలోపే రెండోది పడుతోంది. అది కూడా అదే పండు కాదు. చిన్న కూజాలో వేరే రసం తీసి ఉంచుకుంది. దోన్ ఎవరిస్తో స్తంభం చాటునుంచి వచ్చి కూర్చున్నప్పుడు, బొప్పాయి తాగి గ్లాసు దింపుతుంటే అందులో లేత నారింజ రంగు లుకుమా పండు రసం పడింది.

"ఇది నాది కాదే. నేను తాగింది బొప్పాయి" అన్నాడాయన.

"ఇది మీ రేపటిదండీ" అంది డెల్ఫినా.

మర్నాడు ఆయన వచ్చి లుకుమా ఇమ్మన్నాడు. కొసరుగా బీట్‌రూట్ పడింది. మూడోరోజు మనవరాలిని కూడా తీసుకొచ్చాడు. నేను ఇన్నేళ్ళుగా చీజు ముక్క కోసి చేతిలో పెడుతున్నాను గానీ, ఎప్పుడూ అడిగిన చీజే పెట్టాను. ఆ రోజునుంచి మేక చీజు అడిగినవాళ్ళకి ఆవు చీజు కోసి పెడుతున్నాను. ఎవరి దగ్గర నేర్చుకుంటే ఏం?

రెండో గ్లాసు తాగే ఆ కాసేపట్లో ఆమె ఒక్క ప్రశ్న అడిగేది, ఒక్కటే. రాత్రి డ్యూటీనా? మీ అమ్మకి తగ్గిందా? కొసరు నోట్లో ఉన్న మనిషి అబద్ధం చెప్పడు, తొందరపడడు. అవన్నీ మనసులో పెట్టుకుని, మళ్ళీ వచ్చినప్పుడు అక్కడినుంచే అందుకునేది. కొండగద్దల దగ్గర ముఖాలు మర్చిపోవడం నేర్చుకున్న పిల్ల, ఇక్కడ గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంది. ఒక మనిషి ముఖం మర్చిపోయిన రోజు ఆమె తనమీద తనే కోపం తెచ్చుకుని అన్నం తినేది కాదు. అంత అక్కర్లేదని తిట్టాను. వింటే కదా.

బల్ల నిండిపోతే బేరం పోతుందని భయపడింది కదా, నిండిన బల్లే ఆమెకి బోర్డు అయింది. కూర్చున్నవాళ్ళని చూసి నిలబడ్డవాళ్ళు, నిలబడ్డవాళ్ళని చూసి దారిన పోయేవాళ్ళు. ఫాదరుగారు కూడా వచ్చి, అడక్కుండానే కొసరు పడితే చిన్నపిల్లాడిలా మొహం వెలిగిపోయి, ఆదివారం ప్రసంగంలో ఇవ్వడం గురించి చెబుతూ చెబుతూ బొప్పాయి మాటెత్తాడు. నియెవెస్ కూడా అడక్కుండానే పొయ్యడం మొదలుపెట్టింది. పొయ్యనీ అంది డెల్ఫినా. విల్బర్ట్ టేపు జనం గ్లాసుల్లో పడుతోందని గొడవలయ్యాయి. అయినా వాడు కొలవడం మానలేదు. పండగ ఇంకా రాలేదు కదా.

అత్త ఇంటికి మాత్రం ఆమె వెళ్ళలేదు. ప్రతి ఆదివారం అదోబో వండి గిన్నెలో పెట్టి రొట్టెతో పాటు నా చేత పంపేది. దుకాణం సంగతి ఒక్క ముక్క చెప్పవద్దనేది. బసిలియా ఆ పంది కూరని రొట్టెతో అద్దుకుని తింటూ, ఏమన్నా అడిగిందా అని నన్ను అడిగేది. లేదనేదాన్ని. పొగరు, అచ్చం మా అన్నయ్యలాగే, అనేది. గిన్నె మాత్రం నాకేసేది, ఒక్క ఎముక మిగిల్చేది కాదు.

పండగ ముందురోజు వచ్చింది. చాపీ మాత చర్చికి నడిచి వెళ్ళేవాళ్ళు గడ్డిటోపీలూ కర్రలూ పట్టుకుని బజారంతా నిండిపోయారు. ఎడారిలో అంత దూరం నడవాలి కాబట్టి కడుపునిండా తాగి బయల్దేరతారు. డెల్ఫినా బల్ల దగ్గర మూడు వరసల జనం. ఆ జనంలోంచి విల్బర్ట్ భుజం పట్టుకుని, కర్ర పొడుచుకుంటూ బసిలియా వచ్చింది. ఎవరో లేచి చోటిచ్చారు. కూర్చుని, గట్టు మీది రాత చదివింది.

"ఇదెవరి రాత?"

"సగం నియెవెస్‌ది. సగం నాది" అంది డెల్ఫినా.

బసిలియా బొప్పాయి చెప్పింది. డెల్ఫినా అందరికీ తీసినట్టే తీసింది, అందరికీ పోసినట్టే పోసింది. పెద్దావిడ నెమ్మదిగా తాగి గ్లాసు గట్టు మీద పెట్టి, రెండు చేతులూ కర్రమీద ఆనించి, పెదాలు బిగించి కూర్చుంది. జీవితమంతా ఇతరుల చేత అడిగించుకున్న మనిషి, తను అడుగుతుందా? సరిగ్గా అప్పుడే ఒక యాత్రికుడు ఏదో అడిగితే డెల్ఫినా అటు తిరిగింది. నా గుండె చీజు కత్తి కింద పడ్డట్టయింది. అటు తిరిగినది తిరిగినట్టే ఉంది, చెయ్యి మాత్రం కూజాతో వెనక్కి వచ్చి అత్త గ్లాసులో వంచింది.

పడింది బొప్పాయి కాదు. సంకాయో. కబనకొండె కొండల మీద ముళ్ళజెముడుకి కాసే పుల్లటి కాయ. తెల్లవారుజామున వచ్చే బస్సువాడి చేత తెప్పించింది, నాకు కూడా చెప్పలేదు. బసిలియా గౌను వేసుకునే వయసులో ఆ ఊరు వదిలి వచ్చింది. మళ్ళీ వెళ్ళలేదు.

"ఇది నేను చెప్పింది కాదే" అంది బసిలియా.

"కాదత్తా."

"కొసరు కూడా నేను అడగలేదు."

దానికి జవాబు గట్టు మీద రాసే ఉంది. బసిలియా ఆ రసం ఒక్కో గుక్కా ఆగి ఆగి తాగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పులుపు, అంది నాకేసి చూసి. నేను అవునన్నాను. తర్వాత మెడలోని ఎర్రదారం పైకి లాగింది. జడకి చిక్కుకుంటే విల్బర్ట్ విడదీశాడు. తాళంచెవిని ఖాళీ గ్లాసులో వేసింది. గాజు టింగుమంది.

డెల్ఫినా చేతిలోని కూజా గట్టు మీద పెట్టేసింది.

"అత్తా, నేను అడగలేదు."

బసిలియా కర్ర ఎత్తి గట్టు చెక్కల మీది సుద్ద అక్షరాల మీద ఒక్కటి తట్టింది.

"ఇక్కడేం రాశావో ఒకసారి చదువుకో."

యాత్రికులు చప్పట్లు కొట్టారు, వాళ్ళకి సంగతేమిటో తెలియకపోయినా. డెల్ఫినా మొహం తిప్పుకుని ఏప్రానుతో ఒత్తుకుంది. అంతలోనే ఒకతను గ్లాసు దింపబోతుంటే చూసి, కూజా అందుకుని అటు పరిగెత్తింది. బసిలియా మరిది కొడుకు భుజం మీద కర్రతో పొడిచింది.

"ఒరేయ్ విల్బర్ట్, ఆ టేపు ఇలా తియ్యి. ఆ పక్కన ఇంకో బల్ల పడుతుందేమో చూడు."

విల్బర్ట్ కొలిచాడు. పడుతుందన్నాడు.